లాడ్ బజార్ వాన, హంసలదీవి ఇసుక

హైదరాబాద్ పాతబస్తీలోని లాడ్ బజార్ గాజుల దుకాణాల రేకుల మీద పడిన వాననీరు ఉత్తరంగా జారి, కిలోమీటరు పైచిలుకు దూరంలో పారే మూసీలో కలుస్తుంది. మూసీ నల్లగొండ, సూర్యాపేట ప్రాంతాల మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో చేరుతుంది. కృష్ణ పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాటి దివిసీమకు వెళ్లి, హంసలదీవి దగ్గర సముద్రంలో పడుతుంది. పాతబస్తీలో పుట్టి, చార్ కమాన్ దాటి పెద్దగా ఎటూ పోని మనిషికి కూడా సముద్రంతో సంబంధం ఇలా ఇంటి చూరు నుంచే మొదలవుతుంది.

వాతావరణ మార్పు మాట వచ్చినప్పుడు హైదరాబాద్‌వాళ్లం ఎండల గురించి, వరదల గురించి మాట్లాడుకుంటాం. తీరం కోతకు గురవడం కోస్తావాళ్ల బాధ అనుకుంటాం. నిజానికి మన వరద, వాళ్ల కోత రెండూ ఒకే నదికి చెందిన కష్టాలు. బీచ్ ఎందుకు తరిగిపోతోంది, శాస్త్రవేత్తలు కాని మామూలు జనం దాన్ని ఎలా కొలవగలరు, ఆ కొలవడంలో అబ్బే చదువు సముద్రానికి ఇంత దూరంలో ఉన్న పాతబస్తీకి ఎలా పనికొస్తుంది అన్నది నిదానంగా చూద్దాం.

ముందు ఇసుక సంగతి. బీచ్‌ను మనం నేలగా చూస్తాం, కానీ అది ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. నది మోసుకొచ్చిన ఇసుకను అలలు అందుకుని తీరం వెంట నడిపిస్తాయి. మన తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల కాలమంతా ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది. ఈశాన్య గాలుల కాలంలో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తం మీద చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఒక ఊరి బీచ్ నిలవాలంటే వెళ్లిపోయిన ఇసుక స్థానంలోకి వెనకనుంచి కొత్త ఇసుక వస్తూ ఉండాలి. రావడం తగ్గితే సముద్రం ఒడ్డును తినేస్తుంది.

రావడం నిజంగానే తగ్గింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య కె. నాగేశ్వరరావు బృందం గోదావరి, కృష్ణ డెల్టాల మీద చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. 1970లలో గోదావరి ఏటా సగటున సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు, ఇసుక కిందికి తెచ్చేది. 2000 తర్వాతి ఏళ్లలో అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. కృష్ణ సంగతి మరీ ఘోరం. 1960ల చివర్లో ఏడాదికి 90 లక్షల టన్నులు వచ్చేచోట 2000–2005 మధ్య 4 లక్షల టన్నులే మిగిలింది. ఆ ఇసుక ఎక్కడికీ పోలేదు, నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి జలాశయాల అడుగున కూర్చుంది. ఫలితంగా 1965 నుంచి 2008 దాకా 43 ఏళ్లలో ఈ జంట డెల్టాల 336 కిలోమీటర్ల తీరం నికరంగా దాదాపు 76 చదరపు కిలోమీటర్ల నేలను పోగొట్టుకుందని ఆ అధ్యయనం తేల్చింది. అందులో పొలాలు, మడ అడవులు, మత్స్యకారుల వాడలు ఉన్నాయి.

ఈ లెక్కలో మూసీ వాటా చిన్నదే, అయినా ఉంది. మూసీ మీద ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్, సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టు ఉన్నాయి. అవి దాటినదాన్ని పులిచింతల, ప్రకాశం బ్యారేజీ ఆపుతాయి. ఈ కట్టడాలు వద్దని ఎవరూ అనలేరు. 1908 వరద తర్వాత నగరాన్ని కాపాడటానికీ, దాహం తీర్చడానికీ కట్టినవే ఆ రెండు సాగర్‌లు. కానీ నీళ్లు ఆపినచోట ఇసుక కూడా ఆగుతుందన్న సంగతి కట్టేటప్పుడు లెక్కలోకి రాలేదు, దాని ఖరీదు మూడు వందల కిలోమీటర్ల అవతల ఎవరో చెల్లిస్తున్నారు.

పైగా సముద్రమే లేస్తోంది. 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 తర్వాత ఆ వేగం ఏటా 3.7 మిల్లీమీటర్లకు చేరింది. వినడానికి ఇది చాలా చిన్న అంకె. కానీ మన డెల్టా తీరాలు దాదాపు చదునుగా ఉంటాయి. వాలు తక్కువ ఉన్నచోట నీరు నిలువుగా ఒక సెంటీమీటరు పెరిగితే అడ్డంగా చాలా అడుగులు లోపలికి వస్తుంది. తుపాను పూట ఆ పెరిగిన మట్టం మీదనుంచి ఉప్పెన లేస్తుంది.

తీరమంతా ఒకే తీరుగా కోసుకుపోవడం లేదు. జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 దాకా ఉపగ్రహ చిత్రాలను పరిశీలించి, దేశ ప్రధాన భూభాగ తీరంలో మూడో వంతు కోతకు గురవుతోందని, నాలుగో వంతుకు పైగా పెరుగుతోందని, మిగతాది నిలకడగా ఉందని చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో కోత దాదాపు 29 శాతం. ఒక ఊరు పోతుంటే పక్క ఊరు మేట వేస్తుంది. కాకినాడ దగ్గర చూడండి. గోదావరి ముఖద్వారం నుంచి ఉత్తరానికి పెరిగిన హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ కాకినాడ రేవుకు కాపు కాస్తుంది. దాని ఉత్తరాన, జాందానీ చీరలకు పేరుపడ్డ ఉప్పాడ మాత్రం అలల ధాటికి ఇళ్లూ రోడ్డూ పోగొట్టుకుంటూ వస్తోంది. విశాఖలో ఓడరేవు అడ్డుగోడల దగ్గర ఆగిపోయిన ఇసుకను డ్రెడ్జర్లతో తవ్వి ఆర్కే బీచ్‌కు పంపు చేయాల్సి వస్తోంది, ఏళ్లుగా. రేవు లేనప్పుడు ఆ పని అలలే చేసేవి.

ఉపగ్రహం పైనుంచి ఇంత చూస్తున్నప్పుడు మనిషి టేపు పట్టుకుని ఇసుకలో నడవాల్సిన పనేముంది? ఇది న్యాయమైన ప్రశ్న. ఉపగ్రహ చిత్రం తీరపు గీత ఎక్కడుందో చెబుతుంది, ఇసుక ఎంత మందాన ఉందో అంత బాగా చెప్పలేదు. తుపాను వెళ్లిన మర్నాడు మబ్బులుంటే ఏమీ చూపించదు. అన్నిటికంటే ముఖ్యం, దాన్ని చదివేవాడు ఆ ఊళ్లో ఉండడు.

ఇంకో చిక్కుంది. బీచ్ ఏడాదిలోనే తగ్గి మళ్లీ పెరుగుతుంది. అల్లకల్లోలంగా ఉన్న నెలల్లో పెద్ద అలలు ఇసుకను లాగి లోపల నీటి అడుగున దాచిపెడతాయి, నెమ్మదించిన నెలల్లో చిన్న అలలు దాన్నే తిరిగి ఒడ్డుకు చేరుస్తాయి. 1950లలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చినప్పుడు, ఇక్కడి పరిశోధకులతో కలిసి వాల్తేరు బీచ్‌ను ఇలాగే మళ్లీ మళ్లీ కొలిచి, ఆ కోత–మేట చక్రాన్ని 1954లో ప్రచురించారు. తెలుగు తీరంలో సముద్ర విజ్ఞానం అలా బీచ్ మీద నడకతో పుంజుకుంది. దానినుంచి మనకు తెలిసేది ఏమిటంటే, ఒక్క రోజు చూసి బీచ్ పోయిందనీ చెప్పకూడదు, బాగుందనీ చెప్పకూడదు. ఆగస్టులో చూసినవాడు భయపడతాడు, జనవరిలో చూసినవాడు నిశ్చింతగా ఇంటికి పోతాడు. ఇద్దరూ పొరబడవచ్చు. ఈ ఏటి జనవరిని నిరుటి జనవరితో, ఐదేళ్ల కిందటి జనవరితో పోల్చినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. అందుకు ఆ ఊళ్లో ఉండే మనిషి కావాలి, నెలనెలా కొలిచే మనిషి కావాలి.

కొలిచే పద్ధతి నిజంగా తేలిక. యునెస్కో 1999లో కరీబియన్ దీవుల్లో మొదలుపెట్టిన శాండ్‌వాచ్ అనే కార్యక్రమం దీన్ని బడిపిల్లల చేతికిచ్చింది. బీచ్ వెనక కదలని గుర్తు ఒకటి ఎంచుకుంటారు, గుడి గోడో లైట్‌హౌస్ మెట్టో పాత తాడిచెట్టో. అక్కడినుంచి సముద్రం వైపు, ప్రతిసారీ అదే దిక్కులో, పోటు నీరు ఆగిన గీత దాకా టేపు పరుస్తారు. ఆ గీతను కనిపెట్టడం కష్టం కాదు, నాచు, గవ్వలు, పుల్లలు, ప్లాస్టిక్ ముక్కలు వరసగా పడి ఉంటాయి. దూరం రాసుకుంటారు, తేదీ, సమయం రాసుకుంటారు. నెల తిరిగాక మళ్లీ అదే పని. దీనికి తోడు తీరం వెంట ప్రవాహం ఎటు పోతోందో చూడటానికి తేలే వస్తువు ఒకటి నీటిలో వేసి, ఒక నిమిషంలో అది ఎంత దూరం ఏ వైపు పోయిందో కొలుస్తారు.

వెడల్పు ఒక్కటే చాలదు, ఎత్తు కూడా తెలియాలి. బీచ్ వెడల్పు తగ్గకుండానే ఇసుక మట్టం అడుగు దిగిపోవచ్చు, అప్పుడు తుపాను నీరు సులువుగా లోపలికి వస్తుంది. దీనికి కె. ఓ. ఎమరీ అనే భూగర్భ శాస్త్రవేత్త 1961లో చెప్పిన ఉపాయం ఇప్పటికీ వాడుకలో ఉంది. ఒకే పొడవున్న రెండు కర్రలు కావాలి, వాటి మీద సెంటీమీటర్ల గుర్తులు ఉండాలి. ఒకరు ఒడ్డు వైపు కర్ర పట్టుకుంటారు, మరొకరు కర్ర పొడవంత దూరంలో సముద్రం వైపు నిలబెడతారు. వెనకున్న మనిషి ముందు కర్ర కొస, సముద్రం ఆకాశం కలిసే గీత ఒకే వరసలోకి వచ్చేలా చూస్తాడు. ఆ చూపు తన కర్ర మీద పైకొస నుంచి ఎన్ని సెంటీమీటర్ల కింద తగిలిందో, ముందున్న చోట ఇసుక అంత పల్లంగా ఉన్నట్టు. రాసుకుని, రెండు కర్రలూ ముందుకు జరుపుతారు. అలా నీటి దాకా నడిస్తే బీచ్ వాలు మొత్తం కాగితం మీదికి వస్తుంది. యంత్రం లేదు, బ్యాటరీ లేదు. కనుచూపు మేర సముద్రం గీసిన ఆ అడ్డగీతే మట్టపు కొలత. ఇంత అందమైన కొలత పద్ధతి నాకు మరొకటి తెలియదు.

తేలికైనదే కావచ్చు, కానీ పద్ధతి మారకూడదు. లాడ్ బజార్‌లో గాజులు కొన్నవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. రెండు–నాలుగు సైజు అంటే రెండు అంగుళాలు, పైన పదహారింట నాలుగు వంతులు. ఏ దుకాణానికి వెళ్లినా, లక్క గాజు భట్టీ మీద ఏ కారిగర్ చేసినా ఆ సైజు అదే. అందుకే ఊళ్లో ఉన్న అక్కకు ఫోన్‌లో సైజు అడిగి ఇక్కడ గాజులు కొనుక్కెళ్లగలుగుతున్నాం. బీచ్ కొలత కూడా అంతే. ఒకరు పోటు గీత దాకా, మరొకరు తడి ఇసుక దాకా కొలిస్తే పదేళ్ల పుస్తకం కూడా దేనికీ పనికిరాదు. మనుషులు మారినా కొలత మారకుండా ఉండాలి. శిక్షణ అంటూ ఇవ్వాల్సింది ప్రధానంగా ఈ ఒక్క విషయంలోనే.

మామూలు జనం ఇలా ఏళ్ల తరబడి పద్ధతిగా కొలుస్తారా? దీనికి తెలుగు నేల మీదే జవాబుంది, సముద్రం ఒడ్డున కాదు, కరువు నేలలో. 2003లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, నెదర్లాండ్స్ నిధులతో, రైతుల చేతే భూగర్భజలాలను చూసుకునే పథకం ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ, ఈ ఏడు జిల్లాల్లో 600కు పైగా ఆవాసాల్లో అది నడిచింది. నంద్యాల ప్రాంతానికి చెందిన బర్డ్స్ సంస్థ, దానితో కలిసిన స్వచ్ఛంద సంస్థలు ముందు నిలిచాయి. అక్కడ జరిగిందాన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బీచ్ విషయంలో మనం చేయాల్సింది అంతా అందులో ఉంది.

ఒక వాగు పరీవాహకంలోని ఊళ్లన్నిటినీ కలిపి ఒక యూనిట్‌గా తీసుకున్నారు. రైతుల ఇళ్ల దగ్గర వానమాపకాలు పెట్టారు. రెండు వేలకు పైగా బోర్లను, బావులను పరిశీలనకు ఎంచుకున్నారు. వాన రోజూ, నీటిమట్టం పదిహేను రోజులకోసారి రైతులే కొలిచేవారు, ఆడవాళ్లూ మగవాళ్లూ. జీతం లేదు. కొలిచిన అంకెలు ఆఫీసుకు పోయి మాయం కాకుండా ఊళ్లో అందరూ చూసేచోట బోర్డు మీద రాసేవారు. ఖరీఫ్ వానలు అయిపోయాక అందరూ కూర్చుని, నేలలో ఎంత నీరుంది, రబీలో అనుకున్న పంటలన్నీ వేస్తే ఎంత కావాలి అని లెక్క వేసేవారు. లోటు ఎంతో అందరి ముందూ తేలేది.

అక్కడితో సభ ముగిసేది. ఎవరూ వరి వేయొద్దని ఆజ్ఞ ఇవ్వలేదు, మోటార్లకు సీలు వేయలేదు, తక్కువ తోడితే డబ్బిస్తామనలేదు. తన బోరు తానే కొలుచుకున్న రైతు, ఆ అంకె చూసి తన పంట తానే మార్చుకున్నాడు. చాలా యూనిట్లలో రబీలో నీళ్లు తోడటం తగ్గిందని ప్రపంచ బ్యాంకు 2010లో వేసిన నివేదిక కూడా చెప్పింది. భూగర్భజలం విషయంలో చట్టాలు ఎన్ని ఉన్నా సాధించలేనిది అది.

బడి బయటి చదువు అంటే నా దృష్టిలో ఇదే. దీనికి వెనక ఇంకో పాత కథ ఉంది. ఇండోనేషియాలో వరికి సుడిదోమ విపరీతంగా పట్టిన తర్వాత, 1989లో రైతులను పొలంలోనే కూర్చోబెట్టి, వారంవారం పురుగులను, వాటిని తినే మిత్ర పురుగులను వాళ్ల చేతనే లెక్కపెట్టించారు. మందు ఎప్పుడు కొట్టాలో, అసలు కొట్టాలో వద్దో రైతే తేల్చుకున్నాడు. ఆ పద్ధతే మన దగ్గరకు పొలంబడిగా వచ్చింది. నీటి పథకంలోని రైతుల నీటి బడులు దానికి కొనసాగింపు. వీటిలో మాస్టారు ఉపన్యాసం ఇవ్వడు. చూడటం, లెక్కపెట్టడం, రాయడం, పక్కవాడితో వాదించడం, నిర్ణయించుకోవడం, పాఠం మొత్తం అదే. వాతావరణ మార్పు గురించి గోడ మీద పోస్టరు అంటించి అవగాహన కలిగించామనుకునే కార్యక్రమాలకూ దీనికీ పోలికే లేదు. పోస్టరు చదివినవాడు రేపటికి మరిచిపోతాడు. మూడేళ్లు తన బోరు నీటిమట్టం రాసినవాడిని ఎవరూ మభ్యపెట్టలేరు.

తీరంలో ఇలాంటి చదువు బొత్తిగా లేదనలేం. 2020లో ఒడిశాలోని రెండు తీర గ్రామాలు, గంజాం జిల్లా వెంకట్రాయపూర్, జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహి, యునెస్కో సముద్ర విజ్ఞాన సంఘం నుంచి సునామీకి సిద్ధంగా ఉన్న గ్రామాలుగా గుర్తింపు పొందాయి. గంజాం తీరంలోని నోలియా మత్స్యకారులు తరతరాలుగా తెలుగు మాట్లాడేవాళ్లు. ముంపు ఎక్కడిదాకా రావచ్చు, ఏ దారిన ఎక్కడికి పోవాలి అన్నది పటాలుగా గీసుకుని, కసరత్తు చేసి చూపించాకే ఆ గుర్తింపు వచ్చింది. దానికి సాంకేతిక సాయం చేసిన సంస్థ ఎక్కడుందో తెలుసా? హైదరాబాద్ ప్రగతినగర్‌లో. భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం 1999 నుంచి ఈ నగరంలోనే ఉంది. 2007 అక్టోబరు నుంచి దేశ సునామీ హెచ్చరిక కేంద్రం కూడా ఇక్కడే నడుస్తోంది. మత్స్యకారులకు చేపలు దొరికే చోట్లు, అలల ఎత్తు హెచ్చరికలు ఈ నగరం నుంచే వెళ్తాయి.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పదివేల మందికి పైగా పోయారు. అప్పటికీ ఇప్పటికీ హెచ్చరిక వ్యవస్థ ఎంతో మారింది, తుపాను మరణాలు చాలా తగ్గాయి. కానీ హెచ్చరిక ప్రాణాన్ని కాపాడుతుంది, ఊరి ముందున్న ఇసుకను కాపాడలేదు. ఇసుక సంగతి చూడటానికి రోజూ అక్కడ తిరిగేవాళ్లు కావాలి.

అలాంటివాళ్లు ఇప్పటికే ఉన్నారు. జనవరి నుంచి వేసవి మొదలయ్యేదాకా ఆంధ్ర తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఒడ్డుకొస్తాయి. అటవీ శాఖతో, స్వచ్ఛంద సంస్థలతో పనిచేసే మత్స్యకార యువకులు తెల్లవారక ముందే బీచ్ వెంట నడిచి, గూళ్లు గుర్తించి, గుడ్లను హేచరీలకు చేరుస్తారు. ఒక్కో గూటిలో వంద, అంతకు మించి గుడ్లుంటాయి. ఆ గుడ్లు పొదిగే ఇసుక ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువగా ఆడపిల్లలు పుడతాయి, కాబట్టి ఇసుక వేడి రాసుకోవడం కూడా వాతావరణాన్ని రాసుకోవడమే. వీళ్లు ఒకే బీచ్ మీద, ఒకే వేళకు, నెలల పాటు నడుస్తున్నారు. వీళ్ల చేతికి టేపు, రెండు కర్రలు, ఒక పుస్తకం ఇస్తే ఏడాదికి నాలుగైదు నెలల కొలతలు అదనపు ఖర్చు లేకుండా వస్తాయి. మిగతా నెలలు ఊరి హైస్కూల్ పిల్లలు అందుకోవచ్చు, పెద్దవాళ్లు తోడుండగా. ఇది నా ప్రతిపాదన. దీనికి పెద్ద పథకం అక్కర్లేదు.

2022 ఆగస్టులో విశాఖ తీరంలో వేలమంది ఒక్క ఉదయం కలిసి పదుల టన్నుల ప్లాస్టిక్ ఏరారు. మంచి పని. అంతమంది వచ్చారంటే జనానికి తీరం మీద ప్రేమ ఉందనే కదా. అందులో పదిమందైనా ప్రతి నెలా ఒక ఆదివారం అదే చోటికి తిరిగి వచ్చి కొలిస్తే, పదేళ్లకు ఆర్కే బీచ్‌కు పంపు చేసిన ఇసుక ఎంతకాలం నిలుస్తోందో జనం దగ్గరే లెక్క ఉంటుంది. ఏరడానికి ఉత్సాహం చాలు. కొలవడానికి ఓపిక కావాలి, ఓపికకు ఫొటోలు రావు, అందుకే దానికి తోడు తక్కువ.

దీనిలో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, జనం కొలుస్తున్నారు కదా అని ప్రభుత్వం తన పని వదిలేయడం. తీర రక్షణ, మత్స్యకారులకు ఇళ్లు, జలాశయాల నుంచి ఇసుకను కిందికి వదిలే ఏర్పాటు, ఇవి వాలంటీర్లు చేసేవి కావు, చేయమనడం అన్యాయం. రెండోది, కొలిచిన అంకె ఎవరికీ పట్టకపోవడం. ఐదేళ్లు కొలిచాక కూడా పంచాయతీ సమావేశంలో ఆ పుస్తకం తెరవకపోతే ఆరో ఏడు ఎవరూ రారు. కొలతలు ఊరి బోర్డు మీదికి ఎక్కాలి, తీరంలో కొత్త కట్టడానికి అనుమతి అడిగినప్పుడు ప్రజాభిప్రాయ సేకరణలో వాటిని ముందు పెట్టగలగాలి. అక్కడే వాటికి బలం.

ఇక పాతబస్తీ. ఇక్కడ కొలత విలువ ఎంతో 1908 చెబుతుంది. ఆ ఏడాది సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడాది వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ముందు చూసింది వాన అంకెలే. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడిందని రాసి ఉంది. నగరానికి ఎగువన పరీవాహకంలో 788 చెరువులున్నాయని, వాటిలో చాలా తెగి ఒకదాని మీద ఒకటి పడ్డాయని తేలింది. ఆ లెక్కల మీదనే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో లేచాయి. ఎవరో ఒకరు ఒక రాత్రి వానను అంగుళాల్లో రాసిపెట్టారు కాబట్టే అవి ఎంత పెద్దగా ఉండాలో తెలిసింది.

2020 అక్టోబరు 13న మళ్లీ అలాంటి వాన. బేగంపేటలో సుమారు 19 సెంటీమీటర్లు పడితే ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు పడింది. ఒకే నగరం, ఒకే రాత్రి, ఇంత తేడా. కొద్ది రోజులకే బాలాపూర్ వైపు గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబానగర్ చుట్టుపక్కల ఇళ్లు మునిగాయి. ఆ నీళ్లు గోడ మీద ఎక్కడిదాకా వచ్చాయో ఆ ఇళ్లవాళ్లకు తెలుసు. రంగు వేసి చెరిపేయకముందే ఆ గీతను, తేదీని, నేల నుంచి ఎత్తును రాసిపెట్టుకోవడం బీచ్ మీద పోటు గీతను కొలవడం లాంటి పనే. నాలాలకు డిజైన్ వేసే ఇంజినీరుకు అంతకంటే నమ్మకమైన ఆధారం దొరకదు.

లాడ్ బజార్‌లో మొదలుపెట్టాలంటే ఏదైనా డాబా మీద ఒక వానమాపకం చాలు. కొన్నదైనా సరే, అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పుతో నిలువుగా ఉన్న గాజు సీసా అయినా సరే. చుట్టూ గోడలు, నీళ్ల ట్యాంకు అడ్డం లేకుండా పెట్టాలి. సీసాలో ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తున నీరు నిలిచిందో అంతే వాన. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. వంద గజాల డాబా అంటే సుమారు 84 చదరపు మీటర్లు. దాని మీద వంద మిల్లీమీటర్ల వాన పడితే 8,400 లీటర్లు, అంటే ఒక పెద్ద ట్యాంకరుకు దగ్గర. బజారులో డాబాలు ఎన్నున్నాయో లెక్కపెట్టి గుణించుకుంటే, ఒక్క రాత్రిలో సందులోకి ఎంత నీరు దిగుతుందో, నాలా దాన్ని ఎందుకు మోయలేకపోతోందో దుకాణదారుకే తెలుస్తుంది. బడి మానేసి దుకాణంలో చేరిన కుర్రాడికి కూడా ఆ గుణకారం వస్తుంది, గాజుల డజన్లు లెక్కపెట్టే చెయ్యే కదా.

రోజూ ఉదయం 8.30కి చూడాలి, వాతావరణ శాఖ లెక్క ఆ వేళ నుంచి మర్నాడు ఆ వేళ దాకా కాబట్టి. చూసి, పుస్తకంలో తేదీ పక్కన రాసి, సీసా వంచేయాలి. వాన పడని రోజు గడిని ఖాళీగా వదలకూడదు, సున్నా అని రాయాలి. ఖాళీ గడి చూసినవాడికి ఆ రోజు వాన పడలేదో, ఎవరూ చూడలేదో తెలియదు.